దండకడియం పైన పడిన సూది

జిల్లా అధికారి గారి దివ్యసముఖమునకు,

కల్వకుర్తి బస్టాండులో పండ్లు అమ్ముకొను సైదమ్మ, భర్త లచ్చయ్య, సమర్పించుకొను అర్జీ. తేది: 14-11-1988.

అయ్యా,

విషయం: కలరా సూది వలన ఎడమ భుజము పనికిరాకుండా పోయినందుకు చట్టప్రకారము నష్టపరిహారము ఇప్పించుట గురించి.

తమకు మనవి చేయునది ఏమనగా:

1. మొన్నటి వానాకాలములో కలరా వచ్చినదని, సూది చీటీ లేనివారిని బస్టాండులో గంప పెట్టనీయబోమని చాటింపు వేయించినారు. నేను శ్రీశైలం బస్సుల దగ్గర సీతాఫలాలు అమ్ముతాను. ఎడమ చేత్తో గంపను కిటికీ దాకా ఎత్తి పట్టుకుని, కుడి చేత్తో పండు ఇచ్చి పైసలు తీసుకోవడం నా పని. కనుక పోయి వరుసలో నిలబడితిని.

2. నా ఎడమ దండకు వెండి దండకడియం ఉండెను. మా ఇండ్లలో అది పెండ్లినాడు తొడిగితే మళ్ళీ తీసేది లేదు. సూది వేసే సారు "కడెం తియ్యి" అన్నాడు. "అది తీసేది కాదు సారూ, కుడి చేతికి వెయ్యిండ్రి" అన్నాను. అందరికీ ఎడమ చేతికే వేయాలని ఆర్డరు ఉన్నదట. "గట్లయితే జర పైకి వెయ్యిండ్రి" అన్నాను. ఆయన తెచ్చి భుజం ఎముక మీద పొడిచినాడు. పైకి అని నేను అన్నమాట నిజమే. కానీ నేను సీతాఫలాలు అమ్మే మనిషిని. సూది ఎక్కడ పడాలో తెలియవలసింది ఆయనకు.

3. నాటి నుండి చెయ్యి రొమ్ము దాటి లేవదు. నా కొప్పు కూడా ఆడబిడ్డ గోపమ్మే వేస్తున్నది. సీతాఫలాల కాలమంతా బస్సులు వచ్చినవి, పోయినవి. గంప కిటికీ అందుకోదు. ఇక మీదట ఏం చేసుకొని బతకాలో నాకు తోచడం లేదు.

4. పరిహారానికి దరఖాస్తు పెడితే ఆఫీసులో ఎక్స్‌రే కావాలన్నారు. చేతికి వెండి ఉంటే ఎక్స్‌రే తీసేది లేదని దవాఖానలో అన్నారు. వెండి పని చేసే ఔసలి అంజన్న దగ్గరికి పోయి కడియం కోయించుకున్నాను. కోస్తున్నంతసేపు ఏడ్చినాను. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాకపోయినా రాస్తున్నాను.

5. పిమ్మట ఎక్స్‌రే పట్టుకుని పోతే, విచారణ అధికారి నా చెయ్యి చూసి "కడెం ఏదమ్మా?" అని అడిగినారు. కోయించినానని చెప్పితిని. "కడెమే లేకపాయె, సూది పైకెందుకు వేస్తరు? మామూలు జాగల్నే వేసి ఉంటరు" అని కేసు కొట్టివేసినారు. ఇన్నేండ్లు కడియం కింద ఎండ తగలక తెల్లబడిన చర్మం చూపిస్తే, అందుకు వేరే డాక్టరును కలవమన్నారు. అయ్యా, నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు.

కావున తమరు నా చెయ్యిని స్వయంగా చూసి, తిరిగి విచారణ జరిపించి, న్యాయము చేయగలందులకు ఈ నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సైదమ్మ

తా.క.: కోసిన కడియం ముక్కలు గుడ్డలో కట్టి దీనితో పంపుతున్నాను. నా చేతి మీది తెల్ల గుర్తుతో కొలుచుకుని చూసి, పరిహారం ఇచ్చినా ఇయ్యకున్నా, అవి వాపసు పంపించండి. అంజన్న ఊరికే అతికిస్తానన్నాడు. "గని తొడగాల్నంటే చెయ్యి లేపాలె గదనే సైదమ్మా" అన్నాడు. ముక్కలు ఏరుకుని ఇంటికి వచ్చినాను.