జోయల్ చేసిన రోడ్డు

జూన్ 2, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చొక్కా కూడా మార్చకుండా సిస్టమ్ ముందు కూర్చున్నాను. బస్సు గేమ్‌లో నేనూ, నా స్నేహితుడు జోయలూ కలిసి ఆడే రూమ్ తెరిచాను. జోయల్ రాలేదు. చెన్నైలో ఉద్యోగానికి పోయినప్పటినుంచి ఇదే వరస.

గేమ్‌లో ఉదయగిరి నుంచి సంగం బ్యారేజీ దాకా రోడ్డంతా వాడు సొంతంగా తయారుచేసి గేమ్‌కి అతికించిన మాడ్. బస్సు నాది. ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్ ఉంటేనే ఒకే రూమ్‌లో ఆడనిస్తుంది. అందుకే అప్‌డేట్ అడిగినప్పుడల్లా వద్దనే నొక్కుతున్నాను.

జూన్ 9, ఆదివారం

రాలేదు.

జూన్ 14, శుక్రవారం

కొయ్య గరిటెలు చెక్కుతున్నంతసేపూ ఫోన్ వైపే చూపు. చివరికి ఆత్మకూరు వాళ్ల గేమ్ గ్రూపులో చేరాను. ఆడటానికి ఎవరో ఒకరు దొరికితే చాలనిపించింది. కొత్త వెర్షన్ ఉంటేనే రమ్మన్నారు. ఒకడు కొత్త బస్సు మాడ్ అని జిప్ ఫైల్ పంపి, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోమన్నాడు. లోపల చూస్తే ఏదో సెటప్ ప్రోగ్రామ్. బస్సు బొమ్మకి సెటప్ దేనికి? నేనంత ఎర్రిపప్పలా కనిపిస్తున్నానా? డిలీట్ చేసి పారేశాను.

జూన్ 16, ఆదివారం

చర్చిలో జోయల్ చెల్లెలు షైనీని అడిగాను. అన్న లాప్‌టాప్ అమ్మేసినాడు, ఆటలన్నీ మానేసినాడు అంది. ఆ ముక్క వాడు నాకు చెప్పలేదు.

ఇంటికొచ్చి అప్‌డేట్ నొక్కాను, గేమ్ సొంత సైట్ నుంచే. అంత కోపంలోనూ వాడు నేర్పిన పద్ధతి తప్పలేదు. ముందు పాత గేమ్‌ని, మాడ్స్‌తో సహా, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. తర్వాత కొత్త మాడ్లు ఒక్కొక్కటే పెట్టి, ప్రతిసారీ గేమ్ తెరిచి చూసుకున్నాను. వాడి రోడ్డు మాత్రం కొత్తదాంట్లో తెరుచుకోలేదు. తీసేశాను.

సాయంత్రం ఆత్మకూరు వాళ్లతో ఆడాను. ఒక్కడూ నా పేరు అడగలేదు.

జూన్ 19, బుధవారం

జోయల్ ఫోన్ చేశాడు. నిన్న రూమ్‌మేట్ లాప్‌టాప్ అడిగి తీసుకుని, పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న మా పాత ఫైళ్లన్నీ ఎక్కించుకున్నాడట. నేను ఆత్మకూరు వాళ్లతో ఆడుతుండటం చూసి లోపలికి రాబోతే, వెర్షన్ కలవలేదని గేమ్ బయటికి నెట్టేసిందట. ఏంది పాల్, నన్ను తోసేసినావా అని నవ్వాడు. లాప్‌టాప్ అమ్ముకున్నానని చెప్పడానికి సిగ్గేసిందన్నాడు. ఎవరు మార్చినా నువ్వు మార్చవనుకున్నాను రా అన్నాడు. ఈ రాత్రికి ఆడదామా అని అడిగాను. పొద్దున్నే రూమ్‌మేట్ ఖాళీ చేసి ఊరికి పోయినాడు, లాప్‌టాప్ కూడా పోయింది అన్నాడు.

జూన్ 23, ఆదివారం

పెన్‌డ్రైవ్ నుంచి పాత గేమ్ తిరిగి పెట్టాను. సంగం దాకా ఒక్కడినే నడిపాను. ప్రతి స్టాపులోనూ ఆపి తలుపు తీశాను.