చెయ్యి అందని లివరు

అక్కా,

ఎదురుపడి చెప్పే మొహం లేక రాస్తున్నాను. నిన్న నువ్వు విమానం దిగి రెక్కకి చెయ్యి ఆనించి నిలబడ్డావు. మన ఫ్లయింగ్ క్లబ్బువాళ్ళంతా మూగి, "తాడు వదిలే లివరు ఎందుకు లాగలేదండీ?" అని అడుగుతుంటే "ఆలస్యమైంది" అన్నావు. నేను పక్కకి జరిగి తెగిన తాడు చుట్టుకుంటూ కూర్చున్నాను.

తప్పు నాది. నీ విమానం ఇంజను లేని నా గ్లైడరును తాడుతో లాక్కుంటూ పైకి లేస్తున్నప్పుడు నా పక్క కిటికీ తెరుచుకుని టపటపా కొట్టుకుంది. మూద్దామని వంగాను. కళ్ళెత్తేసరికి నీ విమానం బాగా కింద కనిపిస్తోంది. పైకెగిరిన నా గ్లైడరు తాడుతో నీ విమానం తోకను ఎత్తేసింది, దాని ముక్కు నేలకి తిరిగింది. నా వైపు కూడా తాడు వదిలే పిడి ఉందన్న సంగతే నాకు గుర్తు రాలేదు. తాడు దానంతటదే తెగబట్టి బతికాం.

క్లబ్బులో భద్రత చూసేవాణ్ణి నేనే కదా. నీ లివరు సీటు పక్కన నేలకి ఆనుకుని ఉంది, పైకి మార్చాలా అని మొన్నటి మీటింగులో మాటొస్తే, "ఇన్నేళ్ళుగా కాని ప్రమాదం ఇప్పుడవుతుందా? ఈమాత్రం రిస్కు కూడా వద్దంటే మంచం మీద పడుకోవాలి" అని అందరినీ నవ్వించాను. అక్కర్లేదని అందరూ చెయ్యెత్తారు.

ఇవాళ షెడ్డులో ఎవరూ లేకుండా చూసి నీ సీట్లో కూర్చున్నాను. పట్టీలు బిగించుకుని చెయ్యి చాపాను. నీకంటే జానెడు పొడుగువాణ్ణి, నాకే అందలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

నిన్ను గ్లైడర్లు లాగే ఈ పని నుంచి తప్పించాలంటున్నారు. లివరు సంగతి అధ్యక్షుడికి చెప్పి అది ఆపిస్తాను. కిటికీ సంగతి మాత్రం మనిద్దరి మధ్యే ఉండనీ. బయటపడితే నన్నిక ఎగరనివ్వరు.

మొహం చూపించలేని
నీ తమ్ముడు


ఒరే తమ్ముడూ,

సిగ్గంతా నువ్వే మూటగట్టుకుపోకు, అందులో సగం నాది. ఆ లివరు నాకెప్పుడూ అందలేదు. భుజం పట్టీలు వదులు చేసుకుని, వంగి లాగుతూ నెట్టుకొచ్చాను. నోరు విప్పితే "పొట్టి చేతులు, ఈవిడ పనికిరాదు" అంటారని భయం. నువ్వు జోకు వేసినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, గుర్తుందా? చెయ్యి కూడా ఎత్తాను. తీరా ముక్కు నేలకి తిరిగాక, ఆ వదులు పట్టీల వల్లే సీట్లోంచి లేచిపోయి తల పైకప్పుకి కొట్టుకుంది. లివరు ఎక్కడో పాతాళంలో ఉంది. "ఆలస్యమైంది" అన్నది పచ్చి అబద్ధం.

ఇదంతా పొద్దున్నే అధ్యక్షుడికి చెప్పేశాను. నన్ను ఆపితే ఆపనీ. కిటికీ మాట మాత్రం నేనెత్తలేదు, అది నీ నోటితోనే రావాలి. మనిద్దరి మధ్యే ఉండనీ అంటున్నావు. ఆ రోజు మనిద్దరి మధ్య ఉన్నది ఒక్క తాడేరా. అది తెగబట్టే ఇలా ఉత్తరాలు రాసుకుంటున్నాం.

ఆదివారం మీటింగు ఆఫీసు గదిలో వద్దని షెడ్డులో పెట్టించాను. ఈమాత్రం రిస్కు ఫరవాలేదనేవాళ్ళు ఒక్కొక్కరే నా సీట్లో కూర్చుని, పట్టీలు బిగించుకుని, లివరు అందుకుని చూపించాలి. చెయ్యెత్తడం ఆ తర్వాతే. మొదటి వంతు నీది. కిటికీ సంగతి ఆ సీట్లోంచే చెప్పు.

పట్టీలు నేనే బిగిస్తాను.

ఇంకా నీ మీద కోపంగానే ఉన్న
అక్క