తలుపు తీసే ముందు

ప్రియమైన నాన్నా,

లాడ్జి ఆయన మీద కేసు గెలిచాం కదా, నీ కూలి డబ్బెప్పుడొస్తుందని అడిగావు. తీర్పు చూసి ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు నాన్నా. వసూలుకు మళ్లీ కోర్టునే అడగాలి. నువ్వు తలుపులన్నీ చేసిపెట్టిన లాడ్జి ఆయన భార్య పేరున ఉంది. పక్కనున్న మందుల షాపు గది మాత్రం ఆయనదే. గదిని వేలం వేయించాలంటే ఏళ్లు పడతాయి. అందుకని అద్దె ఆయనకివ్వకుండా కోర్టులో కట్టమని షాపుకు ఉత్తర్వు తెప్పిస్తున్నాం. నేను పనిచేసే వకీలుగారు ఆ కాగితాలు నాచేతే రాయించారు. అద్దె బాకీ ఉందని మన వడ్రంగి షెడ్డుకు దాని యజమాని తాళం వేసేలోపే పని జరగాలి. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు. చదివిపెడుతున్న టైలరక్కా, మీకూ చెబుతున్నాను.

నీ కూతురు

ప్రియమైన తల్లికి,

కోప్పడకుండా చదువు. నిన్న లాడ్జికెళ్లి ఆయనకు చెప్పొచ్చాను. "మీ అద్దె మీదికి కోర్టు కాగితం వస్తోందండీ" అన్నాను. ఎవరింట్లో తలుపు ఊడదీయాలన్నా ముందురోజు వెళ్లి చెప్పమని మా నాన్న నేర్పాడు. చెప్పాపెట్టకుండా చెయ్యి వేస్తే దొంగకీ వడ్రంగికీ తేడా ఏముంది? పాపం, టీ కూడా ఇప్పించాడు.

మీ నాన్న

రాస్తున్నది నేనేనమ్మా. వద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను. – టైలరక్క

నాన్నా,

ఆ టీ ఖరీదు ఏడాది అద్దె. నువ్వు గడప దాటగానే షాపు దగ్గర అంతా ముందే వసూలు చేసుకున్నాడు. ఇక ఇవ్వాల్సిందేమీ లేదని షాపాయన కోర్టుకు రాసిచ్చాడు. "ఎవరమ్మా చెప్పింది?" అని వకీలుగారు అడిగితే, నీ పేరు చెప్పలేక ఫైలు తీసుకుని బయటికొచ్చేశాను.

జైల్లో పెట్టించే దారి ఉంది. కానీ అక్కడ ఆయన తిండి ఖర్చు మనమే కట్టాలి. మిగిలింది ఆయన పేరునున్న వ్యాను. కోర్టు అమీనా వచ్చి జప్తు చేస్తాడు. వ్యాను చూపించడానికి నువ్వు వెంట వెళ్లాలి. ముందే తెలిస్తే అది ఊరు దాటేస్తుంది. నన్ను చదివించింది నువ్వే కదా, ఈ ఒక్కసారికి ఆ చదువు మాట విను.

నీ కూతురు

ప్రియమైన తల్లికి,

ఇద్దరికి వండడానికే మీ అమ్మ విసుక్కుంటోంది, ఆయన్ని కూడా మేపాలా? జైలు మాట ఎత్తకు.

ఈసారి చెప్పలేదు. ముందురోజు సాయంత్రం కాళ్లు వాటంతటవే లాడ్జి వీధికి నడిచాయి. మందుల షాపు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. పొద్దున్నే అమీనాకి వ్యాను చూపించాను. లోపల ఆయన కూతురు స్కూలు బ్యాగుతో కూర్చుని ఉంది. వీధంతా చూస్తుండగా దింపారు. "ముందు ఒక్క మాట చెబితే పిల్లనైనా ఎక్కించేవాణ్ణి కాదు కదా మేస్త్రీ" అన్నాడాయన.

సాయంత్రానికల్లా మొత్తం కోర్టులో కట్టి వ్యాను విడిపించుకున్నాడు. ఇన్నాళ్లూ డబ్బు ఉందన్నమాట. మన షెడ్డు నిలిచింది. నీ మాటే నిజమైంది తల్లీ.

నిన్న ఒకింట్లో పాత తలుపు తీసే పని. మొన్ననే వెళ్లి చెప్పాను. నిన్న గుమ్మంలో మళ్లీ చెప్పాను. "ఎన్నిసార్లు చెబుతావయ్యా, తియ్యి" అని ఆ ఇంటావిడ నవ్వింది. లోపల పిల్లలెవరూ లేరు కదా అని అడిగి, అప్పుడు ఉలి అందుకున్నాను.

మీ నాన్న