కింద రోడ్డు

గుడివాడ,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

ప్రియమైన తమ్ముడు జాన్సన్‌కి,

అక్క హెప్సిబా ప్రేమతో రాసేది. దేవుడి దయవల్ల అమ్మ, నాన్న, మీ బావ, నేను కులాసాగా ఉన్నాం. ఆ మంచుకొండల మీద నువ్వు కూడా వేళకి తింటూ, చెవులకి మఫ్లర్ కట్టుకుంటూ ఉన్నావని నమ్ముతున్నాను. నమ్మడం తప్ప ఇక్కణ్ణుంచి నేను చేయగలిగిందేముంది!

నీ ఉత్తరం అందింది. సిగ్నల్ లేని చోట నిన్ను వేసినందుకు మొదట్లో మీ ఆఫీసర్లని బాగా తిట్టుకున్నాను. ఇప్పుడు మంచిదే అనిపిస్తోంది. ఫోనైతే నేను సగం చెప్పేసరికి నువ్వు తీర్పు ఇచ్చేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. నొప్పి తగ్గింది. ఇదివరకటిలా మోకరించలేక కుర్చీలో కూర్చుని ప్రార్థన చేస్తోంది. కుర్చీ సుఖంగా ఉందేమో, ప్రార్థన ఇంకా పొడుగైంది. నాగాయలంక నుంచి మంచి రొయ్యలు తెప్పించి పచ్చడి పట్టింది. సీసా పార్సిల్లో వస్తుంది, పగలకుండా చేరితే నీ అదృష్టం.

ఇక నీ అసలు ప్రశ్న. "నాన్న సైకిల్ అమ్మేశారా, లేదా?" అమ్మలేదు. కోపం తెచ్చుకోకుండా మిగతాది చదువు.

నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు నాన్న మరుపు చూసి వెళ్ళావు కదా. నిన్ను పట్టుకుని బాబాయి పేరుతో పిలిచాడు. పాలకి వెళ్ళి పంచదార పట్టుకొచ్చాడు. పామర్రులో దిగాల్సినవాడు బస్సులో అలాగే కూర్చుండిపోయాడు. డాక్టరు గారు ఇది వయసు మరుపో, జబ్బో ఇప్పుడే చెప్పలేమన్నారు, కొన్నాళ్ళు కనిపెట్టి ఉండమన్నారు. నువ్వు రైలెక్కుతూ, "అక్కా, నాన్నని ఒంటరిగా బయటికి పంపకు, ఆ సైకిల్ తీసెయ్యి" అన్నావు. నేను సరేనన్నాను. నువ్వు వెళ్ళాక సైకిల్‌కి గొలుసేసి తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను కూడా.

దివిసీమ కాలవల మీద నీళ్ళు వదిలి కట్టే లస్కరు పని చేసినన్నాళ్ళూ గట్టు వెంబడి లాకు నుంచి లాకుకి సైకిల్ మీద తిరిగిన నాన్న, పొద్దున్నే టైర్లలో గాలి నొక్కి చూసుకుని మళ్ళీ లోపలికొచ్చి కూర్చునేవాడు. చూడలేకపోయాను. ఒంటరిగా వద్దంటే మాతో రావచ్చు కదా అని, ఆదివారాలు మాత్రం తాళం తీసి, మా ఆదివారం సైకిల్ బృందంలో చేర్పించాను. నందివాడ దాకా, పామర్రు దాకా మాతో పాటు చక్కగా తొక్కాడు. మన దగ్గర ఏముంది, పులిగడ్డ వంతెన ఎక్కితే అదే కొండ. సముద్రం నుంచి వచ్చే ఎదురుగాలే మనకి ఘాట్ రోడ్డు.

పోయిన నెలలో బృందమంతా మారేడుమిల్లి వైపు మూడు రోజుల సైకిల్ యాత్రకి బయల్దేరాం. మా పెద్దదిక్కు, బ్యాంకు కనకరత్నం గారు, "మీ నాన్నగారిని కూడా తీసుకురండమ్మా, గేర్ల సైకిల్ నేనిస్తాను" అన్నారు. రంపచోడవరం దాకా వ్యానులో వెళ్ళి అక్కణ్ణుంచి తొక్కడం మొదలుపెట్టాం.

తమ్ముడూ, నువ్వు రోజూ కొండలు చూసేవాడివి, నవ్వుకుంటావు. నాకు మాత్రం అదంతా కొత్త. రోడ్డుకి రెండు పక్కలా టేకు చెట్లు, వెదురు పొదలు. మలుపు తిరిగితే ఇంకో మలుపు. కాళ్ళు పీకి, గుండె దడదడలాడి, ఇక నా వల్ల కాదనుకునేసరికి ఒక ఊరు. ఎర్రమట్టితో అలికిన అరుగులు, వాకిట్లో ఆరబోసిన చింతపండు, చేటల్లో చీపురు పుల్లలు. "ఏ ఊరోళ్ళు, కూర్చోండి, నీళ్ళు తాగండి" అని అడగని ఇల్లు లేదు. మన ఊళ్ళలో దారినపోయేవాణ్ణి అలా పిలిచి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

నాన్న ఎక్కుడు వస్తే దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. "ఎక్కేది సైకిల్ కాదే, నేను" అనేవాడు. దిగుడు వస్తే రెండు బ్రేకులూ బిగబట్టి చిన్నపిల్లాడిలా కేకలేసేవాడు. మొదటి రోజు ఆయన మొహం చూసి, నేను చేసిన పని మంచిదేనని మురిసిపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం నాన్న తప్పిపోయాడు.

కంగారు పడకు. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తుంటే పక్కగదిలో గురక పెడుతున్నాడు.

ఏం జరిగిందంటే, ఒక కల్వర్టు దగ్గర నాన్న ఆగి కింద పారే వాగుని చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు పదమ్మా, నేను నిమ్మళంగా వస్తా" అన్నాడు. రాత్రి బస చేయాల్సిన ఊరు దగ్గర్లోనే ఉంది. సరే అని నేను సైకిలెక్కి, వెనక్కి తిరిగి, "నాన్నా, ముందు రెండు రోడ్లొస్తాయి, కింద రోడ్డులో వచ్చెయ్యి" అని అరిచాను. ఎడమ రోడ్డు లోయలోకి జారినట్టు దిగిపోతుంది. కుడి రోడ్డు వాగు ఒడ్డున మొదలై, వాగుని లోతులో వదిలేసి కాస్త ఎక్కుడుగా అడవిలోకి పోతుంది. ఎవరికైనా తెలుస్తుంది కదా అనుకున్నాను.

ఊరు చేరి టీ తాగాం. నాన్న రాలేదు. కాళ్ళు కడుక్కున్నాం, రాలేదు. కనకరత్నం గారూ నేనూ మళ్ళీ ఆ ఎక్కుడంతా తొక్కుకుంటూ కల్వర్టు దాకా వెళ్ళాం. అక్కడ ఎవరూ లేరు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. అడవి చూస్తే అటు చివరా లేదు, ఇటు చివరా లేదు. నువ్వు రైలు దగ్గర అన్న మాట చెవిలో గింగురుమంటోంది. "వాడు చెప్పాడు, నేను వినలేదు, నాన్నని చేతులారా పోగొట్టుకున్నాను" అని రోడ్డు మీద కూలబడి ఏడ్చాను జాన్సన్.

మళ్ళీ ఊళ్ళోకొచ్చి చెప్పగానే కుర్రాళ్ళు మోటారు బళ్ళు తీశారు. వాళ్ళకి నేనేం చెప్పానో నీకొక్కడికే రాస్తున్నాను, అమ్మకి కూడా చెప్పలేదు. "మా నాన్నకి మతి సరిగ్గా లేదు బాబూ. పేరడిగినా చెప్పలేడు. పిచ్చిచూపులు చూస్తూ తిరుగుతుంటాడు, కనబడితే పట్టుకోండి" అన్నాను. ఊరి జనమంతా వింటుండగా అన్నాను. ఆయన ఎప్పుడు పిచ్చిచూపులు చూశాడు? ఒక్కనాడు కూడా లేదు. భయంలో లేనివి నాలుగు కలిపి చెప్పాను.

పొద్దు వాలుతుండగా కుర్రాళ్ళు తిరిగొచ్చారు. ఎవరూ కనబడలేదన్నారు. వాళ్ళలో ఒకడు, "పై ఊళ్ళో బుల్లెమ్మ ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు గానీ, ఆయన కాదులే అక్కా. సుబ్బరంగా మాట్లాడాడు. నా పేరడిగాడు, ఏం పంటేశారని అడిగాడు. గుడివాడోళ్ళు కనబడితే నేనిక్కడే ఉన్నానని చెప్పమన్నాడు" అన్నాడు.

"మరి చెప్పవేం!" అని కనకరత్నం గారు కసిరారు.

"మతి లేని ముసలాయన కోసం కదండీ చూస్తున్నాం. ఆయనకి మతి బానే ఉంది" అన్నాడు వాడు అమాయకంగా.

వాడి బండి వెనకాలే వెళ్ళాను. నాన్న అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను, నవ్వుతాడనుకున్నాను. రెండూ చేయలేదు. నా మొహంలోకి చూస్తూ, చాలా మెల్లగా, "అమ్మా, నువ్వు కింద రోడ్డనే అన్నావా?" అని అడిగాడు.

"కింద రోడ్డనే అన్నాను నాన్నా."

"నిజంగా అన్నావా?"

"అన్నాను. కిందకి దిగే రోడ్డులో రమ్మన్నాను. నువ్వు పైకెందుకొచ్చావ్?"

నాన్న గట్టిగా ఊపిరి వదిలి అరుగు మీద కూర్చుండిపోయాడు. "వాగు ఇటు పారుతుంటే కింద అటెలా అవుద్దే? నీళ్ళు ఎటు పోతే అదే కింద!" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. మనింట్లో కింద అంటే ఏమిటి? కింద ఊళ్ళంటే సముద్రం వైపు ఊళ్ళు. కింద రైతులంటే కాలవ చివర రైతులు. అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్తే "కిందకెళ్ళాడు" అంటాం. చాప పరిచినట్టుండే నేల మీద పుట్టినవాళ్ళకి కిందా మీదా చెప్పేది నీళ్ళే గానీ కళ్ళు కాదు. నాన్న కల్వర్టు మీద నిలబడి వాగు ఎటు పోతుందో చూసుకుని, సరిగ్గా నేను చెప్పిన రోడ్డే పట్టాడు. ఎక్కుడు వచ్చినా, కూతురు చెప్పింది కదా అని నడిపించుకుంటూ వెళ్ళాడు. బుల్లెమ్మ ఇది వేరే దారని చెప్పాక, ఇక కదిలితే మేం వెతుక్కోవాల్సి వస్తుందని అక్కడే కూర్చున్నాడు.

నేను ఆయన మెడ పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్నాను. ఇంతలో ఆ కుర్రాడు, "మీకు మతి లేదని చెప్పింది తాతా మీ అమ్మాయి. అందుకే మిమ్మల్నొదిలేసి వెళ్ళాం" అనేశాడు. భూమి చీలిపోతే బావుణ్ణనిపించింది. నాన్న మిగిలిన రొట్టె తుంచి నా చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో, వ్యాను రాజమండ్రి దాటాక, అందరూ కునుకు తీస్తుంటే నాన్న నాతో చెప్పాడు. "నాకూ తెలుసమ్మా, పేర్లు జారిపోతున్నాయి. మీరిద్దరూ గుసగుసలాడుకోవడం కూడా తెలుసు. బుల్లెమ్మ ఇది ఆ దారి కాదన్నాక, నువ్వు కింద అన్నది నిజమేనా, నాకు నేనే అనుకున్నానా అని ఒకటే దిగులు. మొదలైపోయిందేమో అనుకున్నా. నువ్వొచ్చి అన్నానని చెప్పేదాకా అరుగు మీద నేను పడ్డ నరకం ఆ దేవుడికే తెలుసు."

చూశావా తమ్ముడూ, మనం భయపడుతున్నాం అనుకున్నాం. అసలు భయమంతా ఆయన ఒక్కడే మోస్తున్నాడు.

గుడివాడ వచ్చాక డాక్టరు గారికి మళ్ళీ చూపించాం. ఈసారి నాన్న తనకి తానే అన్నీ చెప్పుకున్నాడు, ఏవి గుర్తుంటున్నాయో, ఏవి ఉండట్లేదో. పరీక్షలు కూడా చేయించాం. ఇప్పటికైతే ఇది వయసుతో వచ్చే మరుపేనని, జబ్బు ఛాయలు కనబడట్లేదని, ఏడాదికోసారి చూపించుకుంటే చాలని అన్నారు. పేర్లు మర్చిపోవడం ఏమీ తగ్గలేదు. నిన్న కూడా నన్ను అత్త పేరుతో పిలిచాడు, నేను పలికాను. నా గుండెల మీద బరువు మాత్రం దిగిపోయింది, రాత్రిళ్ళు హాయిగా నిద్ర పడుతోంది.

సైకిల్‌కి వేసిన తాళం గొలుసు పూర్తిగా తీసేశాను. ఆ మాట నీకు చెబితే కోప్పడతావని ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు కోప్పడినా నాకు దిగుల్లేదు.

ఇంకొక్కటి. నీ ప్రతి ఉత్తరంలోనూ నాన్న ఎలా తింటున్నాడు, ఏం మర్చిపోయాడు, ఎక్కడికెళ్ళాడని నన్నే అడుగుతావు. నేనూ ఆయన ఎదురుగానే కూర్చుని, ఆయన లేనట్టే నీకు జవాబు రాస్తాను. ఇకనుంచి ఆ సంగతులు నేను రాయను. నాన్నకే రాయి. కవరు మీద తోమాసు గారికి అని ఆయన పేరే రాయి. ఆయనే చదువుకుని ఆయనే జవాబిస్తాడు. అందులో నిన్ను బాబాయి పేరుతో పిలిచినా సరే, అది నీకే రాసిందని నీకు తెలుస్తుంది కదా.

ఇట్లు,
నీ క్షేమం కోరే అక్క,
హెప్సిబా