మధ్యాహ్నం పేపరు

హేవన్,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ కోచింగ్ హాస్టల్లో మా ఫోన్లు తీసేసుకున్నారు, అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను. "అన్నయ్యా, పరీక్ష నాలుగోసారి రాస్తున్నావు, భయం ఎలా పోగొట్టుకోవాలో నీకంటే ఎవరికి తెలుసు?" అని అడిగావు. నాకు తెలియదమ్మా. నీకు అబద్ధం చెప్పలేను.

పోయిన నవంబరులో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రోజున లెక్కల పేపరు చూస్తుంటే అంకెలు కనిపించాయి గానీ ఒక్కటీ అర్థం కాలేదు. భోజనాల వేళ, మిగతా పేపర్లు రాయనని సంతకం పెట్టాను. "ఇంకోసారి ఆలోచించుకో బాబూ" అన్నారు అక్కడి మాస్టారు. అమ్మ పొద్దుటి నుంచీ ముందు గేటు దగ్గర చలిలో దండం పెట్టుకుంటూ నిలబడింది. నేను వెనక గేటులోంచి వెళ్ళిపోయి, హాన్ నది ఒడ్డున కూర్చుని, అమ్మ కట్టిచ్చిన అన్నం తిన్నాను. సాయంత్రం పరీక్ష అయ్యాక బయటికొచ్చే గుంపులో కలిసి అమ్మ ముందుకొచ్చాను. "ఎంత కష్టపడ్డావురా కన్నా" అని కావలించుకుంది. "పేపరు కష్టంగా ఇచ్చారమ్మా" అన్నాను.

ఈ సంగతి ఇంట్లో చెప్పకు. ఈసారి మనిద్దరికీ పరీక్ష ఒకే రోజు. అమ్మ నా గేటు దగ్గరికే వస్తానంటోందని రాశావు. రానివ్వకు, నీ దగ్గరే ఉంచుకో. లోపలికి వెళ్తాననే అనుకుంటున్నాను. మధ్యాహ్నం దాకా ఉంటానని మాత్రం చెప్పలేను.

మార్కులు అతుక్కుంటాయని నాన్న ఇద్దరికీ జిగురు మిఠాయి కొన్నాడటగా. నా వంతు కూడా నువ్వే తినెయ్యి.

అన్నయ్య