బావగారి తుపాకీకి చెక్కరంగే

బావగారికి,

మీ ఎయిర్ గన్ పిడికి చెక్కరంగు వద్దు, మిలిటరీ బట్టల్లా ఆకుల మచ్చల రంగు వెయ్యమన్నారు. మేడ మీద కాగితం గురి కొట్టుకోవడానికేనన్నారు. సరేనన్నాను. కానీ కాగితానికి కళ్ళుండవు కదా, దాని కంటపడకుండా దాక్కోవడం దేనికని అప్పటినుంచీ మనసు పీకుతూనే ఉంది.

నిన్న రంగు కోసం పిడి విప్పితే మరచీల సందులో బూడిదరంగు ఈక దొరికింది. పక్కింటి మాస్టారి పావురాలు వారానికొకటి తగ్గిపోతున్నాయని, ఆయన పిల్లిని అనుమానిస్తున్నారని అక్క మొన్ననే చెప్పింది. ఆ పాపం పిల్లికి అంటగట్టడానికి నాకు నోరు రావడం లేదు.

అందుకే చెక్కరంగే ఉంచి, అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టాను. ఎండలో వీధి చివరికి కూడా కనబడుతుంది. మీ గురి కాగితమే అయితే మీకేమీ ఇబ్బంది ఉండదు.

ఈక మాత్రం విడిగా కవర్లో పెట్టి అక్కకి పంపాను.

మీ బావమరిది