తలుపు వెనకాల కాపురం

పురపాలక కార్యాలయం,
జనాభా నమోదు విభాగం,
కాస్తెల్‌బ్రూమా,
నవంబరు 14

శ్రీమతి తేజిందర్ కౌర్ గారికి,

మిల్లు వీధి తొమ్మిదో నంబరు ఇంటి మేడ మీద మీ భర్త లఖ్బీర్ సింగ్ గారితో కలిసి ఉంటున్నట్టు మీరు దరఖాస్తు పెట్టుకున్నారు. అది నిజమో కాదో చూసి రావడానికి మా పురపాలక పోలీసు రెమో ట్రావాలి గారు ఈ నెల 4, 7, 11 తేదీల్లో వచ్చారు. గంట కొట్టారు, తలుపు తట్టారు, పేరు పెట్టి పిలిచారు. ఎవరూ పలకలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదని ఆయన నివేదిక ఇచ్చారు.

పదిహేను రోజుల్లో సంజాయిషీ రాకపోతే దరఖాస్తు కొట్టేస్తాం. నివాసం నమోదు కాకపోతే ఆరోగ్య కార్డు రాదు. దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి పొడిగించడం కూడా కష్టమవుతుంది.

ఇట్లు,
ఒర్నెల్లా ఫెర్రాబోస్కి, గుమాస్తా

తా.క.: మీ గంట మీద పేరు లేదు. పేరు లేని గంట మా లెక్కలో గంట కాదు.


మిల్లు వీధి,
నవంబరు 19

ఒర్నెల్లా మేడమ్ గారికి తేజిందర్ కౌర్ చేతులు జోడించి రాసుకునేది.

ట్రావాలి గారు వచ్చిన మూడుసార్లూ నేను ఇంట్లోనే ఉన్నాను. తలుపుకు ఇవతల, ఆయనకు జానెడు దూరంలో, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆయన్ను చిన్నబుచ్చాలని కాదు. మా ఆయన ఇంట్లో లేనప్పుడు మగవాళ్లు తలుపు తడితే పలకకపోవడం మా ఇంటి పద్ధతి. పంజాబు నుంచి మా అత్తగారు రోజూ ఫోను చేస్తుంది.

"ఇవాళ ఎవరికన్నా తలుపు తీశావా?"

"లేదు బీజీ."

"మా తల్లే. మగమనిషి లేనప్పుడు తలుపు కూడా గోడే అనుకో."

నన్ను మెచ్చుకునే మనిషి ఆవిడ ఒక్కతే. ఆ ఒక్క మాటా పోగొట్టుకోలేకపోతున్నాను.

నేను ఉన్నాననడానికి రుజువు రాస్తాను. తలుపుకున్న కంతలోంచి చూశాను. 4వ తేదీన ఆయన టోపీ తీసి తల గోక్కున్నారు. 7వ తేదీన మెట్ల మీద కూర్చుని బూటులోంచి రాయి తీసుకున్నారు. 11వ తేదీన "ఈ సింగులు ఉంటే ఇరవైమంది ఉంటారు, లేకపోతే దెయ్యం కూడా ఉండదు" అని తనలో తాను అనుకున్నారు. ఇంట్లో లేని మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

ఈ ఉత్తరం నేనే రాశాను. పరదేశీయుల బడిలో మీ భాష ఆరు నెలలు చదివాను. తప్పులుంటే అవి మా టీచరువి కావు.

ఇట్లు, మీ దయ కోరే
తేజిందర్

తా.క.: మీరన్నట్టు పేరు రాసి అంటించాను. ఆడదాని పేరు వీధికి కనబడితే బాగుండదని తలుపుకు లోపలివైపు అంటించాను.

ఇంకో తా.క.: 11వ తేదీన వెళ్తూ వెళ్తూ ట్రావాలి గారు కింది వాటా జెమ్మ గారి చెట్టు పళ్లు రెండు కోసుకున్నారు. ఆకులన్నీ రాలి పళ్లే మిగిలిన చెట్టు, ఒక్కటి పోయినా తెలుస్తుంది. ఇది చాడీ కాదు. రుజువు కోసమే రాశాను.


నమోదు విభాగం,
నవంబరు 25

శ్రీమతి తేజిందర్ కౌర్ గారికి,

మీ ఉత్తరం ట్రావాలి గారికి చదివి వినిపించాను. పండు తనంతట తనే రాలిందని, రాలిన పండు ఎవరిదీ కాదని ఆయన చెప్పారు.

మీరు పంపిన రుజువుతో చిక్కు పెద్దదైంది. ఇల్లు ఖాళీ అని అధికారి నివేదిక. కానీ ఆ ఇంట్లోంచి ఎవరో అధికారిని మూడుసార్లు కనిపెట్టి చూశారని మీ ఉత్తరం. రెండూ కలిపి చూస్తే, ఖాళీ ఇంట్లో గుర్తు తెలియని మనిషి దాక్కుని ఉన్నట్టు తేలుతోంది. మా పై అధికారి దాన్ని వేరే ఫైలుగా తెరిచారు.

మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి కొన్ని గుర్తులుంటాయి. మీ ఇంట్లో దీపం వెలగదు, మాట వినబడదు, గుమ్మంలో చెప్పులుండవు, తీగ మీద బట్టలుండవు. దీనికి మీరేమంటారు?

ఇట్లు,
ఒర్నెల్లా ఫెర్రాబోస్కి

తా.క.: ఆ గుర్తు తెలియని మనిషి మీకు ఎదురుపడితే జాగ్రత్త. తలుపు తీయకండి.


మిల్లు వీధి,
డిసెంబరు 2

మేడమ్ గారికి తేజిందర్ నమస్కారం.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దాక్కున్న ఆ మనిషిని నేనే. అయినా చదివాక భయమేసి ఒకసారి మంచం కింద చూసుకున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. పగటిపూట దీపం వేయడం మా అమ్మ నేర్పలేదు. ఇక్కడ పొగమంచుకు పగలేదో సాయంత్రమేదో తెలియక, వేయాల్సిన వేళ దాటిపోతోంది. ఇక మాటలంటారా, ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని. చెప్పులు గుమ్మంలో ఉండాలంటే ముందు బయటికి వెళ్లి రావాలి.

అయినా మీరు కావాలన్నారు కనుక గుర్తులు తయారుచేస్తున్నాను. మా ఆయన తలపాగా గుడ్డ ఉతికి కిటికీలోంచి వేలాడదీశాను. ఆరు గజాల పొడవు, కింది మెట్టు దాకా వస్తుంది. నాలుగు రోజులైనా ఆరలేదు. ఈ పొగమంచు ఉతికినదాన్ని ఇంకా తడుపుతోంది. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. అందుకని కుక్కరు సిద్ధంగా పెట్టుకుంటున్నాను. ట్రావాలి గారి బూట్ల చప్పుడు వినబడగానే మంట పెంచుతాను. నా తరఫున అది పలుకుతుంది.

దయచేసి నన్ను లేనిదాన్ని చేయకండి. ఇక్కడ లేనని మీరు రాసేస్తే, ఎక్కడ ఉన్నానో నేను కూడా చెప్పుకోలేను.

ఇట్లు,
మీ ఊళ్లోనే ఉన్న
తేజిందర్

తా.క.: చెత్త పారేయడానికి దిగితే జెమ్మ గారు ఎదురయ్యారు. "నువ్వింకా ఉన్నావా పిల్లా? మేడ ఖాళీ అయిందనుకుని మా మేనల్లుడికి చెప్పేశానే, వచ్చి చూసుకోమని" అన్నారు. ఆవిడ సాక్ష్యం పనికొస్తుందా?


నమోదు విభాగం,
డిసెంబరు 13

శ్రీమతి తేజిందర్ గారికి,

9వ తేదీన జరిగినదానికి మా కార్యాలయం చింతిస్తోంది. ట్రావాలి గారి నివేదిక ప్రకారం, పొగమంచులో మీ కిటికీలోంచి పొడవాటి గుడ్డ వేలాడుతోంది. దాక్కున్నవాడు దాన్ని పట్టుకుని దిగి పారిపోయాడని ఆయన అనుకున్నారు. పైకి వెళ్లి తలుపుకు చెవి ఆనించారు. సరిగ్గా అప్పుడే లోపల ఏదో భయంకరంగా బుసకొట్టింది. గ్యాసు పేలబోతోందని ఆయన మెట్లన్నీ ఒక్క దూకులో దిగి అగ్నిమాపక దళానికి ఫోను చేశారు. ఆయన చీలమండ బెణికింది.

దళం వాళ్లు నిచ్చెన వేసుకుని కిటికీలోంచి లోపలికి వచ్చారు. వాళ్ల నివేదికలో ఇలా ఉంది:

"వంటింట్లో ఒక మహిళ నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి తల మీద ముసుగు సర్దుకున్నారు. 'గ్యాసు ఎక్కడ కారుతోందమ్మా?' అని అడిగాం. 'రాజ్మా ఉడుకుతోంది, ఇంకో రెండు కూతలు రావాలి' అన్నారు. తర్వాత ఆరుగురికీ టీ ఇచ్చారు. టీ బాగుంది."

కనుక మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు రుజువైంది. మీ పేరు నమోదు చేశాం. దాక్కున్న మనిషి ఫైలు మూసేశాం.

అయితే అదే నివేదికలో మరో మాట ఉంది. ఇంట్లో ఒకే పళ్లెం, ఒకే దిండు. కప్పు కూడా ఒక్కటే కావడంతో దళం వాళ్లు వంతులవారీగా తాగారు. మగమనిషి తాలూకు వస్తువు తలపాగా గుడ్డ ఒక్కటే, అదీ కిటికీ బయట ఉంది. మీ భర్త ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఏ గుర్తూ లేదు. ఆయన ఎక్కడ ఉంటున్నారో పదిహేను రోజుల్లో తెలియజేయండి.

ఇట్లు,
ఒర్నెల్లా

తా.క.: ఇది ఫైలులో పెట్టను, నా మటుకు అడుగుతున్నాను. రోజంతా మీరు ఎవరితో మాట్లాడతారు?


మిల్లు వీధి,
డిసెంబరు 22

ఒర్నెల్లా గారికి తేజిందర్ నమస్కరించి రాసేది.

ముందు ట్రావాలి గారి కాలికి నా క్షమాపణలు. దళం వాళ్ల సంగతి మా అత్తగారికి చెప్పాను. తలుపు తీయలేదు కదా అని ఊరుకుంది. కిటికీ సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

మీ చివరి ప్రశ్నకు జవాబు. రెండు నెలల్లో నేను ఎక్కువ మాట్లాడింది మీతోనే.

మా ఆయన సంగతి మీకంటే ముందు నాకు తెలుసు. ఆయన పనిచేసే పశువుల కొట్టంలో సెప్టెంబరు నుంచి ఆవులు ఈనుతున్నాయని, ఇంకో పనివాడు మానేశాడని యజమాని ఆయనకు కొట్టం మీది గది ఇచ్చాడు. మా ఆయన ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వస్తారు, తింటారు, కూర్చున్నచోటే నిద్రపోతారు. తినేది నా పళ్లెంలోనే, అందుకే రెండోది లేదు. మొన్న ఆదివారం అడిగాను.

"మీరెక్కడ ఉంటున్నారో రాయమన్నారు ఆఫీసువాళ్లు."

"ఇక్కడే అని రాయి."

"ఇక్కడ లేరు కదా."

"ఇల్లు ఇక్కడ కదే పిచ్చిదానా. నేను అక్కడ."

"మరి నేను?"

ఆయన చేతిలో రొట్టె చల్లారిపోయింది. "నేను వచ్చినప్పుడు నువ్వు ఇక్కడ" అన్నారు.

ఆ మాట తప్పని ఆయనకూ తెలుసు. కానీ అంతకంటే మంచి మాట ఆయన దగ్గర లేదు.

నిన్న నేనే తలుపు తీసుకుని బయటికి వెళ్లాను. ఏటి గట్టు వెంట పొగమంచులో ఆరు కిలోమీటర్లు నడిచాను. కొట్టంలోకి ఎవరో వస్తున్నట్టు చూసి, పోలీసు తనిఖీ అనుకుని మా ఆయన ఆవు వెనక్కి వెళ్లి ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆవు కాళ్ల మధ్య ఆయన బూట్లు కనబడుతూనే ఉన్నాయి. నేను పిలవలేదు. ఎంతసేపు అలా నిలబడాలో నాకు తెలుసు కనుక పక్కనే నిలబడ్డాను. చివరికి ఆయనే తల బయటపెట్టి, "నువ్వా?" అన్నారు. ఆ మాట ఇంటి దగ్గర ఎప్పుడూ అంత సంతోషంగా అనలేదు.

ఇన్నాళ్లూ నేను మిల్లు వీధిలో లేనని మీరు రాస్తుంటే, ఉన్నానని వాదించాను. ఇప్పుడు మీరు ఒప్పుకున్నాక చూస్తే, మొదట మీరు రాసిందే నిజమనిపిస్తోంది. అక్కడ నేను ఉండటం లేదు, కాచుకుని ఉంటున్నాను.

కొత్త దరఖాస్తు దీంతో జతచేశాను. మా ఇద్దరి నివాసం కొట్టం మీది గదికి మార్చండి. నేను కూడా పాలు పితుకుతానంటే యజమాని సరేనన్నాడు. మేడ వాటా జెమ్మ గారి మేనల్లుడికి ఇచ్చుకోవచ్చు.

ఇట్లు,
తేజిందర్

తా.క.: ఆ గదికి తలుపు లేదు. గోనెపట్టా వేలాడుతుంది. తట్టడం కుదరదు కనుక, కాలు బాగయ్యాక ట్రావాలి గారిని మెట్ల దగ్గర ఒకసారి దగ్గి రమ్మనండి. మా వైపు మగవాళ్లు అలాగే వస్తారు. ముసుగు సర్దుకుని నేనే పలుకుతాను.